ఎద్దుబండి ఇరుసు నుండి గాలిసంచి వరకు

కృష్ణా డెల్టాలో పూర్వము దూరప్రయాణము అంటే పడవ ప్రయాణమే. 1852లో ఆరంభమై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట వలన కాలువలలో నీరు నిలిచినది. ఆ కాలువలే బందరుకు రహదారులైనవి. పడవలో కూర్చున్నవానికి కుదుపు తెలియదు. ఇంకొక పది బస్తాలు వేసినచో పడవ నీటిలో మరికొంచెము దిగునే గాని, ప్రయాణికుని నడుముకు ఏ బాధా లేదు. ఆ మనిషే ఒడ్డున దిగి పల్లెకు పోవు ఎద్దుబండి ఎక్కినచో, దారిలోని ప్రతి గుంతా వెన్నుపూసకు తెలిసేది.

తప్పు ఎద్దులది కాదు. మన డెల్టాలో చాలా భాగము నల్లరేగడి. వానకు ఉబ్బును, ఎండకు బీటలు వారును. దానిమీద వేసిన రోడ్డు కొద్ది ఏండ్లకే అలలు తేలును. గుడివాడ ప్రాంతములో గాని, దివిసీమ లోపలి గ్రామాలలో గాని వాహనము నడిపినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. అందుచేత చక్రానికీ కూర్చున్నవానికీ నడుమ ఏమి ఉంచవలెననునది మనకు వట్టి పుస్తకముల ప్రశ్న కాదు.

ఎద్దుబండిలో ఇరుసుకూ బండికీ నడుమ ఏమీ లేదు. జట్కాలో కమాను ఉన్నది. ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి విల్లువలె వంచినదే కమాను. బండ్ల నిమిత్తము అట్టి కమానుకు ఇంగ్లండులో ఒబాడియా ఎలియట్ 1804లో పేటెంటు పొందినాడు. తరువాత మోటారు వాహనములు దానినే తీసుకొన్నవి. కమాను రెండు పనులు చేయును. ఒకటి బరువు మోయుట, రెండవది ఇరుసు ముందుకు వెనుకకు గాని, పక్కకు గాని జరగకుండ పట్టియుంచుట. ఈ రెండవ పనిని మరచినవారే తరువాత చిక్కులలో పడినారు.

గాలిని మొదట చక్రములోనికి తెచ్చిరి. రాబర్ట్ థామ్సన్ 1845లో గాలిటైరుకు పేటెంటు పొందినాడు. ఎవరూ పట్టించుకొనలేదు. 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల సైకిలుకు అట్టి టైరునే అమర్చినాడు. ఆ తరువాత ఎన్నో దశాబ్దాలకు మన పొలాలలోకి టైరు బండి వచ్చినది. దాని రాకతో ఎద్దులకు కలిగిన సుఖము ఇంతని చెప్పలేము.

గాలినే స్ప్రింగుగా వాడవచ్చునని హంఫ్రీస్ అను అమెరికను 1901లో పేటెంటు తీసుకొన్నాడు. ఇందులోని సూత్రము మన హైస్కూలు పాఠములోనిదే. 1662లో బాయిల్ చెప్పినట్లు, ఉష్ణోగ్రత మారనిచో గాలి పరిమాణము సగమైనప్పుడు పీడనము రెట్టింపగును. ఒక రబ్బరు సంచి 100 చదరపు సెంటీమీటర్ల వైశాల్యముతో 300 కిలోల బరువు మోయుచున్నదనుకొందము. మీటరు 3 కిలోల పీడనము చూపును. వాతావరణపు పీడనము సుమారు 1 కలుపగా మొత్తము 4. (ఈ ఒకటి కలుపుట మరచిపోయి లెక్క తప్పు చేయువారే ఎక్కువ.) గోతిలో పడి సంచి సగానికి అణగినచో మొత్తము 8, అనగా మీటరుపై 7. ఇప్పుడు అదే సంచి 700 కిలోలను ఎదుర్కొనును. అణగిన కొద్దీ గట్టిపడుట గాలికి గల సుగుణము.

దానికంటె గొప్ప గుణము మరొకటి ఉన్నది. సెంటీమీటరుకు 20 కిలోలు పట్టు ఉక్కు కమానుపై 150 కిలోలు అదనముగా వేసినచో అది 7.5 సెంటీమీటర్లు దిగిపోవును. గాలిసంచిలోనైతే పీడనమును 3 నుండి 4.5కు పెంచిన చాలును, ఎత్తు మారదు. పడవ నీటిలో మునిగి బరువు మోయును. గాలిసంచి మునగకుండనే మోయును.

మరి ఇంత మంచిది వెంటనే ఎందుకు నిలువలేదు? కారణము గాలి కారిపోవుటయే. 1957లో కాడిలాక్ వారు ఎల్డొరాడో బ్రూమ్ కారుకు నాలుగు చక్రాలకూ గాలిసంచులు అమర్చిరి. అవి కారుచుండుటచే చాలమంది యజమానులు వాటిని తీసివేసి ఉక్కు స్ప్రింగులు వేయించుకొన్నారు. బస్సులలో మాత్రము అమెరికాలో 1950ల నుండి నిలిచినది. బస్సుకు ప్రతి దినము చూచు మెకానిక్ ఉండును గదా. మన దేశములో 2001 తరువాత వచ్చిన వోల్వో బస్సులు ఎక్కినవారికి ఆ హాయి తెలిసియే యుండును.

ఫ్రాన్సులో సిత్రోయెన్ వారు మరింత తెలివిగా నడచిరి. 1954లో తమ పాత నమూనా కారు ఒకదానికి వెనుక చక్రాలకు మాత్రమే వాయువుతో, నూనెతో పనిచేయు స్ప్రింగులు పెట్టి చూచిరి. 1955లో డి.ఎస్. కారుకు నాలుగింటికీ పెట్టిరి. వెనుకనే ఎందుకు మొదలిడిరి? డ్రైవరు ఒక్కడున్నా, వెనుక నలుగురెక్కినా, ముందు బరువు అంతగా మారదు. వెనుకది చాల మారును.

కారును నేలకు దించి నడుపు సరదా కాలిఫోర్నియాలో బలిసినది. చక్రపు అంచుకంటె క్రిందికి కారు భాగమేదియు ఉండరాదని 1958లో అక్కడ చట్టము వచ్చినది. మరుసటి ఏడే రాన్ అగిర్రె అను యువకుడు నూనె పంపులతో కావలసినప్పుడు లేచి, కావలసినప్పుడు దిగు కారు తయారుచేసినాడు.

ఇప్పుడు బందరులో ఒకరు తమ పాత అంబాసిడరును కొంచెము దించి, వెనుక గాలిసంచులు పెట్టించదలచినారనుకొందము. 1957 ప్రాంతమున మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై మొదలై 2014లో ఆగిపోయిన ఆ కారుకు వెనుక కమాన్లే ఉన్నవి. వారి ముందు రెండు మార్గములు గలవు. కమాన్లలో కొన్ని పట్టీలు ఉంచి, వాటికి తోడుగా గాలిసంచి పెట్టుట ఒకటి. కమాన్లను పూర్తిగా తీసివేసి సంచులపైనే నిలుపుట రెండవది. ఈ రెండవదానిలో కారు బాగా దిగును, చూపులకు ముచ్చటగా ఉండును. కాని సంచి బరువు మోయునే తప్ప ఇరుసును పట్టుకొనలేదు. ఆ పనికి నాలుగు కడ్డీలు, పక్కకు జరగకుండ పాన్‌హార్డ్ కడ్డీ ఒకటి కావలెను. బ్రేకు వేసినప్పటి బలమంతయు వాటిమీదనే పడును. అంబాసిడరుకు లారీకి వలె విడి చట్రము లేదు, రేకు శరీరమే చట్రము. ఆ రేకుకు బలపు పట్టీలు వేయక కడ్డీలను అతికించినచో, రేగడి రోడ్డు అలలకు అతుకు చీలి, ఇరుసు పక్కకు పోయి, కారు కాలువలోనికే దారి తీయవచ్చును. అందుచేత కుటుంబముతో నాగాయలంక దాకా తిరుగు కారుకు మొదటి మార్గమే నయమని నా అభిప్రాయము. ప్రదర్శనకు పెట్టు కారు సంగతి వేరు.

చిన్న విషయములు కొన్ని చాల ముఖ్యము. ఎడమ, కుడి సంచులను ఒకే గొట్టముతో కలుపరాదు. మలుపులో బరువు పడిన వైపు గాలి రెండవ వైపునకు పోయి, కారు ఇంకను వాలును. కారును ఎంత దించిన అంత మెత్తన అనుకొనుట కూడ పొరపాటు. అదే బరువుకు సంచిలో గాలి పరిమాణము సగమైనచో గట్టిదనము సుమారు రెట్టింపగును, కనుక నిలిపినప్పుడు దించి, నడుపునప్పుడు లేపుకొనవలెను. సంచి పొగగొట్టమునకు దూరముగా ఉండవలెను. మన సముద్రతీరపు గాలిలో తేమ ఎక్కువ. కంప్రెసరు దానిని నొక్కినప్పుడు తొట్టిలో నీరు చేరి కవాటములకు తుప్పు పట్టించును. తొట్టి అడుగు మర విప్పి ఆ నీటిని అప్పుడప్పుడు వదలవలెను.

1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము రిజిస్ట్రేషను వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదనుచున్నది. కావున పని మొదలుపెట్టకమునుపే రవాణా శాఖ వారిని అడుగుట మంచిది. పని ముగిసిన తరువాత వెనుక ముగ్గురిని కూర్చుండబెట్టి, డిక్కీలో రెండు బియ్యపు బస్తాలు వేసి, ఇరుసుకూ దానిపైనున్న రబ్బరు దిమ్మకూ నడుమ సందును స్కేలుతో కొలువవలెను. ఖాళీ కారుతో తీసిన కొలతకు విలువ లేదు. రాత్రి ఒక గోడ ఎదుట నిలిపి దీపపు వెలుగు ఎంత ఎత్తున పడుచున్నదో కూడ చూడవలెను. వెనుకభాగము కుంగినచో ఆ వెలుగు ఎదురు వచ్చువాని కళ్ళలో పడును.