బండి బోల్తా: విజ్ఞానము, న్యాయము

1932 జూన్ నెలలో, సికింద్రాబాదు కేంద్రముగా గల నిజాం స్టేట్ రైల్వే ఒక క్రొత్త శాఖను ప్రారంభించినది. రైలు పట్టాలు లేని ఊళ్ళకు ప్రయాణికులను చేరవేయుట దాని పని. ఆరంభమున ఆ శాఖకు ఉన్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు మూలము ఆ చిన్న శాఖయే.

పట్టాలపై నడచు బండికి దారి ముందే నిర్ణయింపబడి ఉండును. రోడ్డుపై నడచు బండికి అట్లు కాదు. టైర్లకు రోడ్డుకు మధ్య గల ఘర్షణ, డ్రైవరు నేర్పు, రోడ్డు నిర్మాణము, ఈ మూడును కలిసి దానిని దారిలో నిలుపవలెను. ఇవి తప్పినప్పుడు బండి ఒక్కొక్కసారి బోల్తా పడును. అట్టి ప్రమాదమును విధివ్రాత అని సరిపెట్టుకొనుట లోకములో వాడుక. కాని బండి ఎందుకు బోల్తా పడునో భౌతికశాస్త్రము లెక్కకట్టి చెప్పగలదు. పడిన తరువాత నష్టమును ఎవరు భరింపవలెనో న్యాయశాస్త్రము చెప్పవలెను. మొదటి ప్రశ్నకు సమాధానము చాలకాలము క్రిందటనే దొరికినది. రెండవ ప్రశ్నకు సమాధానము మాత్రము మెల్లమెల్లగా, ఎన్నో కుటుంబములు నష్టపడిన తరువాత రూపొందినది.

ఎత్తు, వెడల్పు

వరిగడ్డి ఎత్తుగా వేసిన బండిని గట్టు దాటించునప్పుడు రైతు ఎడ్లను నెమ్మదిగా నడిపించును. ఎంత ఎత్తు గడ్డి ఉన్నదో అంత జాగ్రత్త వహించును. ఈ అనుభవమునకు శాస్త్రము చెప్పు కారణమిది. ప్రతి వస్తువునకు, దాని బరువంతయు ఒకచోటనే ఉన్నదని భావింపదగిన బిందువు ఒకటి కలదు. దానిని గరిమనాభి అందురు. నిలిచి ఉన్న బండి గరిమనాభి నుండి క్రిందికి గీచిన నిలువు గీత చక్రముల నడుమ నేలపై పడునంతవరకు బండి పడిపోదు. ఆ గీత చక్రమును దాటి వెలుపల పడినచో బండి ఒరిగిపోవును.

మలుపు తిరుగు బండి విషయములో మరియొక సంగతి చేరును. టైర్ల వద్ద ఘర్షణ బలము బండిని మలుపు లోపలివైపునకు లాగును. బండి పైభాగము జడత్వము వలన తిన్నగా పోజూచును. లాగు బలము నేలవద్ద, బండి బరువు దానికి పైన ఉండుట వలన బండిని వెలుపలికి పడద్రోయు భ్రామకము ఏర్పడును. వేగము రెండింతలైనచో ఈ భ్రామకము నాలుగింతలగును. మలుపు వ్యాసార్ధము సగమైనచో రెండింతలగును.

ఎడమ, కుడి చక్రముల మధ్య దూరములో సగమును గరిమనాభి ఎత్తుతో భాగించగా వచ్చు సంఖ్య బండి స్థిరత్వమునకు కొలత. ఉదాహరణకు చక్రముల మధ్య 1.5 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.55 మీటరు గల కారుకు ఈ సంఖ్య సుమారు 1.36. చక్రముల మధ్య 2 మీటర్లు, గరిమనాభి ఎత్తు 1.25 మీటర్లు గల బస్సుకు 0.8. ఈ బస్సు 25 మీటర్ల వ్యాసార్ధము గల మలుపును గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగముతో తిరిగినచో ఒరుగు హద్దును చేరును. అదే బస్సు టాపుపై మనుషులు, మూటలు ఎక్కి గరిమనాభి ఎత్తు 1.6 మీటర్లకు పెరిగినదనుకొందము. అప్పుడు హద్దు గంటకు సుమారు 45 కిలోమీటర్లకు దిగును. స్ప్రింగులు, టైర్లు ఒకప్రక్కకు అణగుట వలన అసలు హద్దులు ఇంతకన్న తక్కువగానే ఉండును. నిన్న క్షేమముగా దాటిన మలుపునే డ్రైవరు నేడు అదే వేగముతో తిరుగుచుండవచ్చును. కాని అతని చేతిలోనిది నిన్నటి బస్సు కాదు.

సికింద్రాబాదు, హైదరాబాదుల మధ్య రెండంతస్తుల బస్సులు ఎన్నో ఏండ్లు తిరిగినవి. నడుమ ఆగిపోయి, 2023లో విద్యుత్తుతో నడచు బస్సులుగా నగరమున మరల కనబడినవి. అంత ఎత్తు బస్సు పడిపోదా అను సందేహము సహజము. ఇంజను, చట్రము మొదలగు బరువైన భాగములు క్రిందనే ఉండుట వలన దాని గరిమనాభి కంటికి తోచినంత ఎత్తున ఉండదు. ఇంగ్లండులో ఇట్టి బస్సు పై అంతస్తును మనుషుల బరువుకు సమానమైన బరువుతో నింపి, 28 డిగ్రీల వరకు ఒకప్రక్కకు వంచి పరీక్షించుట ఆచారము. అంతవరకు అది పడిపోరాదు.

కారు గరిమనాభి తక్కువ ఎత్తున ఉండుటచే చదునైన పొడి రోడ్డుపై అది సాధారణముగా ఒరుగుటకు ముందే జారును. అయినను కార్లు బోల్తా పడుచున్నవి. జారుచున్న కారు చక్రము రోడ్డు అంచు రాతికి తగిలినను, మెత్తని మట్టిలో దిగబడినను, కాలికి రాయి తగిలిన మనిషివలె కారు తలక్రిందులగును. ఒక్క వాహనమే బోల్తాపడిన ప్రమాదములలో నూటికి 95 ఇట్టివేనని అమెరికా రహదారి భద్రతా శాఖ లెక్క. కావుననే ఇంజనీర్లు మలుపులలో రోడ్డు వెలుపలి అంచును ఎత్తుచేయుదురు. రోడ్డు ప్రక్క భూమిని గట్టిపరతురు. ఈ పనులు జరుగని చోట తప్పు డ్రైవరు ఒక్కనిదే అనుట న్యాయము కాదు.

గాయముల తీరు

రెండు బండ్లు ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు ప్రధానమైన దెబ్బ ఒక్కసారి తగులును. బోల్తాలో అట్లు కాదు. బండి దొర్లిన ప్రతిసారియు లోపలి మనిషి ఒకసారి టాపునకు, ఒకసారి తలుపునకు, ఒకసారి తోటి ప్రయాణికునికి కొట్టుకొనును. తల, మెడ, వెన్నుపూసలకు అపాయము ఎక్కువ. మెడ ఎముక విరిగినవానిని చేతులు, కాళ్ళు పట్టి లాగినచో వెన్నుపాము తెగి శాశ్వతముగా కదలలేని స్థితి రావచ్చును. మంట వంటి తక్షణ అపాయము లేనిచో తల, మెడ కదలకుండ పట్టి సహాయము వచ్చువరకు ఆగుట మేలు. కిటికీ గుండ వెలుపలికి విసరివేయబడినవారు అదే బండి క్రింద నలుగుదురు. 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించిన మూడు కొసల సీటు బెల్టు ముఖ్యముగా ఈ విసరివేతను నివారించును.

క్రిక్కిరిసిన బస్సులో మరియొక అపాయము కలదు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటు రోడ్డుపై ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. బస్సులో ఆనాడు వందకు పైగా జనమున్నారు. ఒకరిపై నొకరు పడుటచే ఊపిరాడక పోయినవారు వారిలో పలువురు. రొమ్ముపై బరువు పడినచో ఊపిరితిత్తులు విచ్చుకొనలేవు; ఒంటిపై గాయము కనబడకయే ప్రాణము పోవును. అధిక భారము బస్సును పడద్రోయుటకే గాక, పడిన తరువాత చంపుటకు కూడ కారణమగును.

బస్సు పడినను లోపలి మనిషికి చోటు మిగులవలెనను భావముతో ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘము 66వ నిబంధనను చేసినది. 1986 నుండి అది అమలులో ఉన్నది. దాని ప్రకారము బస్సును 800 మిల్లీమీటర్ల ఎత్తుగల తిన్నె నుండి మెల్లగా ఒరగించి పడవేయుదురు. కూర్చుండువారి చోటులోనికి టాపు గాని ప్రక్క కమ్ములు గాని చొచ్చుకొని రారాదు. భారతదేశములో ఇట్టి పరీక్షకు ఏఐఎస్ 031 అను ప్రమాణము ఉన్నది.

నిరూపించు భారము

పూర్వము ఇంగ్లండు న్యాయము ప్రకారము గాయపడినవాడు పరిహారము కోరవచ్చును గాని, అతడు చనిపోయినచో కుటుంబమునకు ఏమియు లేదు. 1846లో అచ్చట ఈ లోపమును సవరించిరి. 1855లో భారతదేశమునకు ప్రాణాంతక ప్రమాదముల చట్టము వచ్చినది. అయినను ఎదుటివాని తప్పును నిరూపింపవలసినది బాధితులే. లోయలో పడిన బస్సులో సాక్షులు ఎవరు? చూచినవారు చనిపోయిరి. బ్రదికినవారు స్పృహలో లేరు. బండి, దాని కాగితములు యజమాని చేతిలో ఉన్నవి.

ఈ చిక్కునకు న్యాయస్థానములు ఒక దారి కనుగొనినవి. తిన్నగా పోవలసిన బండి రోడ్డు విడిచి పడినదనుటయే తప్పునకు సాక్ష్యము; కాదని చెప్పుకొనవలసినది యజమాని. వేల్సులో టైరు ప్రేలి గట్టుపై నుండి పడిన బస్సు వ్యాజ్యమును 1950లో ఇంగ్లండు ప్రభువుల సభ తీర్చినది. టైరు ప్రేలుట అనుకోని సంఘటన అని కంపెనీ వాదించినది. టైర్లకు గట్టి దెబ్బలు తగిలినప్పుడు తెలియజేయవలెనని డ్రైవర్లకు చెప్పకపోవుట కంపెనీ తప్పేనని సభ నిర్ణయించినది. 1977లో మన సుప్రీంకోర్టు కూడ, రోడ్డు విడిచి చెట్టును కొట్టిన కారు వ్యాజ్యములో ఇదే సూత్రమును అంగీకరించినది.

చట్టములును మెల్లగా కదలినవి. 1939 మోటారు వాహనముల చట్టములోని నిర్బంధ భీమా 1946 జూలై 1 నుండి అమలైనది. 1956 సవరణతో ప్రత్యేక ట్రిబ్యునళ్ళకు ఏర్పాటు కలిగినది. 1982లో, తప్పు ఎవరిదని అడుగక మరణమునకు 15,000, శాశ్వత వైకల్యమునకు 7,500 రూపాయలు ఇయ్యవలెనను నియమము వచ్చినది. 2019 సవరణ, 2022 ఏప్రిల్ 1 నుండి, తప్పు నిరూపింపకయే మరణమునకు 5 లక్షలు, తీవ్ర గాయమునకు రెండున్నర లక్షలు కోరు మార్గము కల్పించినది.

తప్పును నిరూపించి పూర్తి పరిహారము కోరువారికి లెక్క వేరు. సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల ననుసరించి, నెలకు 10,000 సంపాదించు 30 ఏండ్ల కూలి నలుగురు ఆధారితులను విడిచి మరణించినాడనుకొందము. రాబోవు పెరుగుదలకు నూటికి 40 చేర్చి 14,000. సొంత ఖర్చుకు నాలుగవ వంతు తీసివేయగా 10,500. దీనిని 12తోను, ఆ వయస్సునకు నిర్ణయించిన 17తోను హెచ్చించిన 21,42,000 రూపాయలగును. అంత్యక్రియలు మొదలగు వాని సొమ్ము దీనికి అదనము.

కాని ఈ మొత్తము అందరికి అందుట లేదు. పెండ్లివారు, కూలీలు డీసీఎం వ్యానులలో, ట్రాక్టరు ట్రాలీలలో ప్రయాణించుట తెలుగునాట సర్వసాధారణము. ఎత్తయిన ఆ బండ్లలో పట్టుకొనుటకు ఆధారమే ఉండదు. సరకుల బండిలో ఊరక ఎక్కిన ప్రయాణికునికి భీమా కంపెనీ బాధ్యురాలు కాదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. యజమానికి ఆస్తి లేనిచో తీర్పు కాగితము మీదనే మిగులును. ఎక్కువ అపాయము గల బండిలోనే తక్కువ రక్షణ ఉన్నది.

గడువు విషయము కూడ తెలిసి ఉండవలెను. 1956లో అర్జీకి అరువది దినములు, 1969లో ఆరు నెలలు గడువు. 1994లో గడువే తీసివేసిరి. 2022 ఏప్రిల్ నుండి ఆరు నెలల గడువు మరల వచ్చినది. దీనిని ప్రశ్నించిన వ్యాజ్యములో, గడువు దాటినదను కారణముచే అర్జీలను కొట్టివేయరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినది. అయినను ఆలస్యము చేయకుండుటయే క్షేమము. ప్రమాదము ఎచ్చట జరిగినను, బాధితులు తాము నివసించు చోటనే అర్జీ పెట్టుకొనవచ్చును. సికింద్రాబాదు నివాసి సికింద్రాబాదు సిటీ సివిల్ కోర్టులోని ట్రిబ్యునలుకే పోవచ్చును. పోలీసుల తొలి సమాచార నివేదిక, ఆసుపత్రి కాగితములు, ఆదాయమునకు ఆధారములు జాగ్రత్త చేయుట అవసరము.

పరిహారము పోయిన ప్రాణమును తేలేదు. బండి పడకుండ చేయుటయే మొదటి ధర్మము. అందుకు కావలసిన లెక్క కళాశాల విద్యార్థి కూడ వేయగలడు. టాపుపై ఎక్కించు ప్రతి మూట, పరిమితికి మించి ఎక్కించు ప్రతి మనిషి ఆ లెక్కను మార్చుదురు. ఆ సంగతి తెలిసియు బండి నింపినవాడు, పడిన తరువాత విధిని నిందించుట తగదు.