ప్రొబేషన్ అధికారులు: అరెస్టు అధికారం, రక్షణ (ఆదోని, ఎమ్మిగనూరు)

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో కోర్టు ఒక ముద్దాయిని జైలుకు పంపకుండా సత్ప్రవర్తన బాండుపై విడిచిపెట్టి, పర్యవేక్షణకు ఆదేశిస్తే, అతణ్ణి కనిపెట్టుకుని ఉండవలసింది ప్రొబేషన్ అధికారి. అయితే అతణ్ణి అరెస్టు చేసే ప్రత్యేకాధికారం ఆ ఉద్యోగికి లేదు. నేరస్థుల ప్రొబేషన్ చట్టం, 1958 ప్రకారం బాండు గడువు మూడేళ్ళు మించకూడదు. పర్యవేక్షణ ఏడాదికి తగ్గకూడదు. షరతు తప్పినట్టు అధికారి నివేదిస్తే, 9వ సెక్షన్ కింద వారెంటో సమన్లో జారీ చేసేది కోర్టే. మొదటి తప్పుకు 50 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు, లేదా అసలు నేరానికే శిక్ష వేయవచ్చు.

ఈ ప్రాంతానికి ప్రొబేషన్ పాతదే. 1953 అక్టోబరు 1 వరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో, మద్రాసు పాలనలో ఉండేది. మద్రాసుకు 1936 నాటి సొంత ప్రొబేషన్ చట్టం ఉండేది.

ఇక్కడి అసలు చిక్కు సుగ్గి. పనుల్లేని నెలల్లో కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతాయి. బాండు మీద ఉన్నవాడూ వాళ్ళతో పోతే ఇంటికి తాళమే కనిపిస్తుంది. దాన్ని పరారీగా లెక్కగట్టడం అన్యాయం. అధికారి దరఖాస్తు చేస్తే కోర్టు షరతులను మార్చగల వీలు 8వ సెక్షన్‌లో ఉంది. వారెంటు కన్నా ముందు వాడవలసింది దాన్నే. ఉపాధి వెతికిపెట్టడానికి ప్రయత్నించడం కూడా ఇదే అధికారి విధి కాబట్టి, చేతికి బేడీలు ఇవ్వకపోవడమే మేలు.

రక్షణ విషయంలో చట్టం పొదుపుగా మాట్లాడింది. 15వ సెక్షన్ ఈ అధికారులను పబ్లిక్ సర్వెంట్లుగా గుర్తిస్తుంది. 16వ సెక్షన్ సదుద్దేశంతో చేసిన పనులపై దావాలు లేకుండా కాపాడుతుంది. విధుల్లో ఉండగా దాడి చేస్తే, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు. గాయపరిస్తే 121వ సెక్షన్ కింద ఇంకా ఎక్కువ. ఇవన్నీ దెబ్బ తగిలాక అక్కరకొచ్చేవి. ఊళ్ళోకి ఒంటరిగా వెళ్ళే అధికారికి తోడెవరో 1958 చట్టం చెప్పలేదు. ఆ లోటును రాష్ట్రం నియమాల ద్వారా పూడ్చాలి.

దీనికి భిన్నంగా, అమెరికాలో ఫెడరల్ ప్రొబేషన్ అధికారి షరతు తప్పినవాణ్ణి వారెంటు లేకుండానే పట్టుకోవచ్చు. విధులకు అడ్డుపడే మూడో వ్యక్తులనూ అరెస్టు చేయనిచ్చే బిల్లును 2017లో అక్కడి ప్రతినిధుల సభ ఆమోదించింది. ఆనాటి అమెరికా కాంగ్రెస్ పదవీకాలంలో అది చట్టం కాలేదు.