కల్లుకు లేని చేదు

బీరులో చేదు రుచి కోసమే అనుకుంటాం. అది కాపలా కోసమని తెలిసిన రోజు నాకు పట్టరాని సంబరమైంది. హాప్స్ పూలలోని చేదు ఆమ్లాలు బీరును పులగొట్టే లాక్టిక్ బాక్టీరియా లోపల ఆమ్లతను తలకిందులు చేసి వాటిని బతకనివ్వవు. అయితే పైన ఇంకో పొర ఉన్న జైమోమోనాస్ మొబిలిస్‌ని మాత్రం ఏమీ చేయలేవు. బ్రిటన్‌లో పీపాల్లోని బీరుకు కుళ్లిన యాపిల్ వాసన పట్టించిన ఈ సూక్ష్మజీవే మన తాటికల్లుకు పొంగు తెచ్చేవాటిలో ఒకటి. 1920లలో లిండ్నర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీన్ని పట్టుకున్నది కూడా మెక్సికోలో కిత్తలి రసంతో చేసే పుల్కేలో. అంటే మరో కల్లులోనే! బీరుకు శత్రువు, కల్లుకు ఇంటిమనిషి.

హాప్స్ కథ 822 నాటిది. ఫ్రాన్స్‌లోని కోర్బీ మఠాధిపతి అడలార్డ్ రాయించిన నియమాల్లో బీరుకు హాప్స్ ప్రస్తావన ఉంది. 12వ శతాబ్దంలో హిల్డెగార్డ్ అనే సన్యాసిని ఆ చేదు పానీయాలను నిలవ ఉంచుతుందని రాసింది. 1516లో బవేరియా ప్రభువులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప వేరేవి వేయొద్దని శాసించారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఆ తర్వాతిది. 18వ శతాబ్దం చివర లండన్ తూర్పున బో అనే చోట హాడ్జ్‌సన్ అనే బీరు వ్యాపారి ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ ఓడలు అతని వాకిలికి దగ్గర్లోనే లంగరు వేసేవి. ఇండియాకు చేరాలంటే బీరు నెలల తరబడి సముద్రం మీద, రెండుసార్లు భూమధ్యరేఖ దాటి రావాలి. అందుకని హాప్స్ దండిగా వేసిన బీరు పంపాడు. 1820లలో బర్టన్ ఊరి ఆల్‌సాప్ ఆ వ్యాపారంలోకి దిగినప్పుడు, వాళ్ల బీరు మేస్త్రి జాబ్ గుడ్‌హెడ్ మొదటి నమూనాను టీపాట్‌లో కాచాడని చెప్పుకుంటారు. బర్టన్ బావి నీళ్లలోని జిప్సం చేదుకు పదును పెట్టింది. ఇక్కడొక కిటుకుంది. పచ్చి హాప్స్‌లోని హ్యూములోన్ నీళ్లలో సరిగా కరగదు. గంటసేపు తెర్లితేనే దాని అణువు రూపు మారి ఐసోహ్యూములోన్ అవుతుంది. అప్పుడే కరుగుతుంది, అప్పుడే చేదెక్కుతుంది. బీరు మీద ఎండ పడితే ఆ చేదే విరిగి కంపు కొడుతుంది. గోధుమరంగు సీసాల మర్మం అదే.

కల్లుకు ఈ దారి లేదు. తీపి నీరాను తెర్లబెడితే మిగిలేది తాటిబెల్లం. కరీంనగర్ పల్లెల్లో గౌడన్న మోకు, ముస్తాదు వేసుకుని చెట్టెక్కి, గెల కొసను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సన్నగా గీస్తాడు. నీరా కావాలంటే లొట్టి లోపలంతా సున్నం పూస్తాడు. ఆ క్షారంలో ఈస్టు, బాక్టీరియా తలెత్తలేవు. కల్లు కావాలంటే సున్నం ఊసే ఉండదు. లొట్టి గోడకు అంటుకున్న నిన్నటి మడ్డే ఇవాళ్టి తోడు. దించిన కల్లు పొద్దున తియ్యగా, మధ్యాహ్నానికి ఘాటుగా, సాయంత్రానికి పుల్లగా మారుతుంది. ఇంకా ఉంచితే వెనిగరే. అందుకే కల్లు ఊరు దాటలేదు. చెట్టు కిందనే, తాటిరేకలోనే తాగాలి.

ఆదిలాబాద్ గోండుగూడేలకు మాత్రం ఇప్పపువ్వు వేరే ఉపాయం చూపింది. ఎండాకాలం మొదట్లో తెల్లారేసరికి రాలిన పూలను ఏరి ఎండబెడితే నెలలు నిలుస్తాయి. ఎండుపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. నానబెట్టి, పులియబెట్టి, బట్టీ పెడితే సారా. వేయించి దంచితే ఆకలి తీర్చే తిండి. 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్పపువ్వు ఏరడం మీదనే చట్టం తెచ్చింది. సర్కారు సారా అమ్ముడుపోవాలంటే అడవి బిడ్డ తిండిని కట్టడి చేయాలన్నమాట! ఆ అన్యాయం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇవాళ ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఆ పువ్వుతోనే లడ్డూలు చేస్తున్నారు.

నిజాం ఏలుబడిలోనూ, తర్వాతా అబ్కారీ రాబడి కోసం చెట్టుకు పన్ను కట్టారు. ఈ తాపత్రయం కల్లును బీరులాగా దూరం నడిపించాలని చూసింది. చేదు లేని సరుకు నడవలేదు. చెట్లు తక్కువై, అమ్మకం ఎక్కువైన చోట లొట్టిలో నీళ్లు, శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలం చేరాయి. ఆ కల్తీ కల్లు ఆగిన రోజు అలవాటుపడ్డవాళ్లు వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ దవాఖానాల పాలయ్యారు. మనం పోగొట్టుకున్నది చెట్టుకూ తాగేవాడికీ మధ్య ఉన్న ఆ పూట దూరాన్ని.

హాప్స్ బీరుకు ప్రపంచాన్ని ఇచ్చింది. కల్లుకు దాని ఊరే ప్రపంచం, అందులో చిన్నతనమేమీ లేదు. తాగాలనుంటే చెట్టు కిందికే పోండి. గీసినవాడెవరో, చెట్టు ఎక్కడుందో చెప్పలేని కల్లును ముట్టకండి.