ఇంటిముందరి పచ్చిక: దాని పూర్వకథ

పంటలన్నిటిలోనూ వింతైన పంట ఒకటి ఉన్నది. దానికోసం నేల తవ్వి, ఎరువు వేసి, నీరు పెట్టి, కలుపు తీసి, కంటికి రెప్పవలె కాపాడతాము. తీరా ఎదిగిన తరువాత, ఎదిగినంతమేరా కోసి పారవేస్తాము. గింజ పట్టనివ్వము, పువ్వు పూయనివ్వము, పొరుగింటి ఆవు వచ్చి నాలుగు పోచలు కొరికితే కర్ర తీసుకుని పరుగెత్తుతాము. ఇంటిముందర ముచ్చటపడి పెంచుకునే పచ్చికబయలు అటువంటి పంట. ఇది మనకు ఎట్లా అలవాటయింది, ఎవరి ముంగిలినుంచి మన ముంగిలికి వచ్చింది అని విచారిస్తే చరిత్రలో చాలాదూరం పోవలసి వస్తుంది.

ఇంగ్లీషులో దీనిని లాన్ అంటారు. అడవినడుమ చెట్లులేని జాగాకు పాత ఫ్రెంచి భాషలో ఉన్న మాటనుంచి ఆ పేరు పుట్టింది. మన ఆడవారు ఎరిగిన లాను గుడ్డ పేరు వేరు. అది ఉత్తర ఫ్రాన్సులో నేతకు పేరుపడ్డ ఒక పట్టణంనుంచి వచ్చింది. పేర్లకు చుట్టరికం లేకపోయినా, పచ్చికకూ గుడ్డకూ మరొక తీరున చుట్టరికం కలిసింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

పదిహేడవ శతాబ్దిలో ఫ్రాన్సు రాజు పధ్నాలుగవ లూయీ వెర్సాయిలో ఉద్యానం వేయించినప్పుడు, లనోత్ర్ అనే తోటశిల్పి దాని నడుమ పొడుగాటి పచ్చికపట్టీని పరిచాడు. దానిని నేటికీ ‘పచ్చ తివాచీ’ అనే అర్థంగల పేరుతోనే పిలుస్తారు. కాని పచ్చిక నిజంగా రాజ్యమేలింది ఇంగ్లండులో. అందుకు మొదటి కారణం అక్కడి ఆకాశం. ఏడాది పొడుగునా సన్నని తుంపర, మండిపోని ఎండ, గడ్డకట్టించని చలి. ఎవరూ నాటకపోయినా అక్కడ గడ్డి పెరుగుతుంది. పద్ధెనిమిదవ శతాబ్దిలో లాన్సలాట్ బ్రౌన్ అనే ఆయన (1716–1783) ప్రభువుల భవంతులచుట్టూ ఉన్న పూలమళ్లను పెరికించి, గుమ్మందాకా పచ్చిక పరచడం ఆచారం చేశాడు. ఆ పచ్చికలో గొర్రెలు మేసేవి. అవి వాకిట్లోకి రాకుండా గోడకు బదులు లోతైన కందకం తవ్వేవారు. కిటికీలోనుంచి చూసేవారికి కందకం కనబడదు. తమ ముంగిలీ, దూరాన ఉన్న పొలమూ ఒకటేననిపిస్తుంది. అంచుదాకా వచ్చిన అతిథి ఉలిక్కిపడి చేసే ‘హాహా’కారమే ఆ కందకానికి పేరై నిలిచింది.

గొర్రె మేసినది ఒక ఎత్తు. భవంతి ముంగిట మఖమలువలె నున్నగా ఉండవలసినది మరొక ఎత్తు. దానికి పొడుగుపిడి కొడవళ్లు పట్టిన కూలీలు కావాలి. మంచు ఆరితే గడ్డి కొడవలికి వంగిపోతుంది, తెగదు. అందుచేత తెల్లవారకముందే వరుసగా నిలబడి, నడుములు తిప్పుతూ కోసేవారు. వెనుక ఆడవారు ఊడ్చి ఎత్తేవారు. దొర నిద్రలేచేసరికి కోసినవారు కనబడరు, కోత మాత్రం కనబడుతుంది. తిండిగింజ పండించగల భూమిని వట్టిగా ఉంచి, దానిమీద ఇంతమంది జీతగాళ్లను నిలపగలిగిన ఐశ్వర్యాన్ని ఊరికి చాటడమే ఆ పచ్చికవల్ల ఒనగూడిన ప్రయోజనం. సౌందర్యం లేదని నేను అనను. కాని ఆ సౌందర్యానికి మూలధనం ఆ కూలీల నడుములు.

ఈ స్థితిని మార్చినవాడు తోటమాలీ కాదు, ప్రభువూ కాదు. గ్లాస్టర్‌షైర్‌లో స్ట్రౌడ్ అనే ఊరి పరిసరాలలో ఉన్నిగుడ్డల మిల్లులు అనేకం ఉండేవి. సైనికుల దుస్తులకు వాడే దళసరి ఎర్రగుడ్డ అక్కడ తయారయ్యేది. మగ్గంమీదినుంచి దిగిన ఉన్నిగుడ్డమీద నూగు లేస్తుంది. దానిని సమంగా కత్తిరిస్తేనే గుడ్డకు నునుపు వస్తుంది. మెలితిరిగిన కత్తులు అమర్చిన ఒక కండె గిర్రున తిరుగుతూ, కింద కదలకుండా ఉన్న మరొక కత్తికి ఒరుసుకుని ఆ నూగును కత్తిరించే యంత్రాలు అప్పటికే మిల్లులలో వచ్చాయి. వాటిని చూసిన ఎడ్విన్ బడింగ్ అనే యంత్రకారునికి ఒక ఊహ తట్టింది: గుడ్డమీది నూగును కోయగలిగినది నేలమీది గడ్డిని ఎందుకు కోయకూడదు? జాన్ ఫెరబీ అనే కార్ఖానాదారుతో కలిసి యంత్రం చేసి, 1830 ఆగస్టు 31వ తేదీన పేటెంటు పొందాడు. ఇరుగుపొరుగువారు పిచ్చివాడనుకుంటారేమోనని రాత్రివేళ దానిని తోసి చూసుకునేవాడని ఒక కథ చెబుతారు.

ఆ మొదటి యంత్రం పోతయినుముతో చేసినది, మహా బరువు. కోత వెడల్పు పందొమ్మిది అంగుళాలు. వెనుకనున్న రోలరు నేలమీద దొర్లుతుంటే, పండ్లచక్రాలద్వారా కత్తుల కండె తిరిగేది. తెగిన గడ్డి ముందున్న పెట్టెలో పడేది. ఒకరు వెనుకనుంచి తోస్తుంటే మరొకరు ముందునుంచి లాగడానికి ఇంకొక పిడి కూడా పెట్టారు. తొలి యంత్రాలలో ఒకటి లండనులోని రీజెంట్స్ పార్కు జంతుప్రదర్శనశాలకు పోయింది. కొడవలి పట్టిన ఆరుగురు, ఎనిమిదిమంది చేసే పనిని ఇద్దరు మనుషులతో చేస్తున్నదని అక్కడి మేస్త్రీ మెచ్చుకున్నాడు. 1832లో ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్ కంపెనీవారు అనుమతి తీసుకుని వీటిని తయారు చేయసాగారు. తరువాత తట్టులు పూన్చే యంత్రాలు వచ్చాయి. పచ్చిక చెడకుండా ఆ తట్టుల గిట్టలకు తోలుజోళ్లు తొడిగేవారు. బడింగ్ 1846లో చనిపోయాడు. నేటికీ చేతితో తోసే పచ్చికకోత యంత్రం ఏదైనా తిరగవేసి చూడండి; లోపల ఉన్నది ఆ గుడ్డలమిల్లు కత్తుల కండెయే.

పేటెంటు పత్రంలోనే ఒక చమత్కారం ఉన్నది. గ్రామీణ ప్రభువులు దీనిని స్వయంగా తోసుకుంటే వినోదమూ, వ్యాయామమూ రెండూ సమకూడుతాయని అందులో వ్రాసుకున్నారు. ప్రభువులు తోసినా తోయకపోయినా, గుమాస్తాలూ, బడిపంతుళ్లూ, దుకాణదారులూ తోశారు. పదిమంది కూలీలను పెట్టలేని ఇంటికి కూడా పచ్చిక అందుబాటులోకి వచ్చింది. ఆటలు మారాయి. వింబుల్డన్‌లో 1877లో తొలి టెన్నిస్ పోటీ జరిపినది, తట్టు లాగే రోలరు మరమ్మతుకు డబ్బు కూడబెట్టడానికేనని చెబుతారు. అమెరికాలో ఇది మరీ ముదిరింది. 1947లో మొదలైన లెవిట్‌టౌన్ అనే ఇళ్ల సముదాయంలో, గడ్డి పెరిగే కాలమంతా వారానికొకసారి పచ్చిక కోయవలెనని కొనుగోలు పత్రాలలోనే షరతు పెట్టారు! 2005లో ఉపగ్రహచిత్రాల సాయంతో వేసిన ఒక అంచనా ప్రకారం ఆ దేశంలో పచ్చిక విస్తీర్ణం సుమారు 1 లక్షా 60 వేల చదరపు కిలోమీటర్లు; ఇంచుమించు ఇప్పటి ఆంధ్రప్రదేశ్ అంత.

రెండవ ప్రపంచయుద్ధకాలపు పరిశోధనలలో పుట్టిన 2,4-డి అనే మందు యుద్ధానంతరం అంగడికి వచ్చింది. వెడల్పాటి ఆకుల మొక్కలను చంపి గడ్డిని విడిచిపెట్టడం దాని గుణం. అంతకుముందు గడ్డివిత్తనాలలో క్లోవర్ అనే చిరుమొక్కను కావాలని కలిపేవారు. అది గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. మందుకు అదీ చచ్చింది. చచ్చింది గనుక అదీ కలుపేనన్నారు. దానివల్ల దొరికే నత్రజనిని సంచులలో కొనవలసి వచ్చింది.

కోత గడ్డికి శిక్ష కాదా అని కొందరికి సందేహం. దీనికి డార్విన్ మహాశయుడు చేసిన ఒక చిన్న పరీక్ష సమాధానం చెబుతుంది. మూడడుగులకు నాలుగడుగుల పచ్చికచెక్కను కోయకుండా వదిలిపెట్టి చూశాడు. అందులోని ఇరవై జాతుల మొక్కలలో తొమ్మిది నశించాయి. పొడుగు మొక్కలు పైకి లేచి పొట్టివాటికి ఎండ లేకుండా చేశాయి. 1859నాటి తన మహాగ్రంథంలో దీనిని ప్రస్తావించాడు. తక్కిన మొక్కలకు పెరుగుదల కొసన ఉంటే, గడ్డికి నేలనంటిన మొదట్లో ఉంటుంది. మేకపన్ను పడినా, కత్తి పడినా దానికి ప్రాణగండం లేదు. కోత అంటే గడ్డి పక్షం వహించి మనం చేసే యుద్ధమన్నమాట.

ఇక మన దేశం సంగతి. తెల్లవారు తమ ముచ్చటతోపాటు తమ దేశపు విత్తనాలు కూడా తెచ్చుకున్నారు. అవి మన వేసవికి తాళలేదు. తాళినది మన పొలంగట్టున పడి ఉన్న గరిక. పండితులు దూర్వ అనీ, ఉత్తరాదివారు దూబ్ అనీ అంటారు. వినాయకచవితినాటి ఇరవైయొక్క పత్రులలో దానికి స్థానం ఉన్నది. గరికపాడు అని ఊళ్లు ఉన్నాయి, గరికపాటివారు అని ఇంటిపేరు ఉన్నది. రైతుకు మాత్రం అది పగవాడు. ఒక కణుపు మిగిలినా చాలు, చేనంతా అల్లుకుంటుంది. దొరల బంగళాలలో గడ్డి తెచ్చేవాడొకడు వేరే జీతగాడు. అతడు బొరిగెతో గరికను వేళ్లతోసహా పెకలించి, కడిగి, గుర్రానికి వేసేవాడు. బంగళా వాకిట్లో మాలి అదే గరికను కణుపు కణుపుగా నాటేవాడు.

కర్జన్ ప్రభువు వైస్రాయిగా ఉన్న కాలంలో (1899–1905) తాజ్‌మహల్ తోటలో చెట్లను పలచన చేయించి విశాలంగా పచ్చిక పరిపించాడు. మొగలాయీల తోట ఫలవృక్షాలతో, పూలతో దట్టంగా, నీడగా ఉండేది. మనం నేడు ఛాయాచిత్రాలలో చూసి మురిసే ఆ బయలు సగం ఇంగ్లీషువారి అభిరుచి. కట్టడాలను కాపాడినందుకు కర్జన్‌కు మనం ఎంతో ఋణపడి ఉన్నాము. ఈ ఒక్క విషయంలో చెట్లపక్షమే నాది. ఢిల్లీలో వైస్రాయి భవనానికి లట్యెన్స్ తోట గీస్తే, మస్టో అనే ఉద్యానాధికారి 1928–29లలో దానిని నాటించాడు. అక్కడి పచ్చికకు గరికను కలకత్తాలోని బెల్వెడియర్ భవనపు ఆవరణనుంచి తెప్పించారు. బెల్వెడియర్ తరువాత జాతీయ గ్రంథాలయమైంది. వైస్రాయి భవనం రాష్ట్రపతి భవనమైంది. మొగల్ గార్డెన్స్ అనిపించుకున్న ఆ తోట 2023లో అమృత్ ఉద్యాన్ అయింది. గరికకు మాత్రం పేరు మారలేదు.

కనుక మన ఇంటిముందర పచ్చిక పెంచదలచినవారు దూరదేశపు విత్తనంకోసం వెతకనక్కరలేదు. వేసవిలో అడుగులోతు నేల తవ్వి, ఎండకు మాగనివ్వాలి. తుంగగడ్డలను ఒక్కటి మిగలకుండా ఏరివేయాలి. ఇక్కడ బద్ధకించినవారు ఏళ్లతరబడి అనుభవిస్తారు. ఎరువు బాగా చివికినదై ఉండాలి. పచ్చిపేడతో కలుపువిత్తనాలు వస్తాయి. తొలకరి పడగానే, మూడు నాలుగు అంగుళాల కాడలను జానెడుకంటె తక్కువ ఎడంలో, కనీసం రెండు కణుపులు మట్టిలో మునిగేటట్లు నాటాలి. మామిడిచెట్టు నీడలో గరిక బతకదు. అక్కడ మరేదైనా వేసుకోవడం మంచిది. కోసినప్పుడు ఉన్న ఎత్తులో మూడోవంతుకు మించి కోయరాదు. సన్నగా తెగిన తుక్కును అక్కడే వదిలితే కొంత నత్రజని తిరిగి నేలకే చేరుతుంది. అట్లాగని సంచులకొద్దీ ఎరువు చల్లడం కూడదు. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనేచోట 1856లో మొదలై నేటికీ సాగుతున్న గడ్డి ప్రయోగంలో, ఏ ఎరువూ వేయని చెక్కలలో సుమారు నలభై జాతులు నిలిచి ఉంటే, అమ్మోనియా ఎరువు వేస్తూపోయి నేల పులిసిన చెక్కలలో రెండు మూడే మిగిలాయి. వానపాము మట్టికుప్పలు వేసిందని మందు పోసేవారు కూడా ఉన్నారు. ఇంగ్లండులో అనేకచోట్ల ఎకరానికి ఏటా పదిటన్నులకు మించిన మట్టి వానపాముల కడుపుగుండా పోతుందని డార్విన్ 1881లో లెక్కకట్టాడు. అంత దుక్కి ఏ కూలీ దున్నగలడు?

అన్నిటికన్న గట్టి చిక్కు నీటిది. పచ్చిక ఐశ్వర్యచిహ్నంగా పుట్టినది గనుక, కష్టకాలం వచ్చినప్పుడల్లా మొదటి కత్తి దానిమీదనే పడింది. మొదటి యుద్ధకాలంలో, 1918లో, అమెరికా అధ్యక్షుడు విల్సన్ తన భవనం ముంగిట గొర్రెలను తోలించాడు. వాటి ఉన్ని వేలంవేస్తే రెడ్‌క్రాసుకు 50 వేల డాలర్లకు పైగా వచ్చాయి. రెండవ యుద్ధంలో లండనులోని హైడ్ పార్కులో కూరగాయలు పండించారు. ఇప్పటి కరవు తిండిది కాదు, నీళ్లది. ఎడారినడుమ ఉన్న లాస్‌వేగాస్ ప్రాంతంలో, సొంత ఇళ్లను మినహాయించి, వట్టి అలంకారానికి ఉన్న పచ్చికను 2027నుంచి కొలరాడో నదీజలంతో తడపరాదని నెవాడా రాష్ట్రం 2021లో శాసనం చేసింది. మన లెక్క కూడా చూడండి. ముప్పయి అడుగుల పొడుగు, అంతే వెడల్పు గల చెక్కకు ఒక అంగుళం నీరు పెట్టడమంటే సుమారు 2,100 లీటర్లు. వేసవిలో బోరు ఎండి, ట్యాంకరుకోసం బిందెలు వరుసలో నిలిచిన వీథిలో ఆ నీటికి ఉన్న విలువ ఇంటివారే నిర్ణయించుకోవాలి.

ఇందులో గరిక మనకు ఒక సౌకర్యం చూపుతుంది. దినదినమూ పైపైన చిలకరిస్తే దాని వేళ్లు పైపైనే ఉండిపోతాయి; ఎడమెడంగా, లోతుగా తడిపితే నేల అడుగుకు దిగుతాయి. చైత్ర వైశాఖాలలో కోత ఎత్తు పెంచి, నీరు తగ్గించి, స్నానపు నీటిలో సబ్బు ఎక్కువ కలవనిదాన్ని మళ్లిస్తే చాలు. పైన ఎండి గోధుమరంగుకు తిరిగినా చచ్చిపోయిందని తవ్వివేయకండి. కింద కణుపులు బతికే ఉంటాయి. మృగశిర కార్తె వానలు రెండు పడిన తరువాత ఎక్కడెక్కడ చిగురు రాలేదో చూసుకుని, ఆ వారంలోనే, పక్కనున్న దుబ్బునుంచి కాడలు తుంచి ఆ బోడిచోట్ల నాటుకోవచ్చు.