బ్రౌన్ నిఘంటువులు
చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. 1817లో మద్రాసుకు వచ్చి ఈస్టిండియా కుంపిణీ కొలువులో చేరాడు, 1820లో కడపకు వెళ్లాడు. అక్కడ బంగళా కొని, సొంత జీతంతో పండితులను పోషించి, పద్యకావ్యాల తాళపత్ర ప్రతులను పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. తర్వాత ఆయన కూర్చిన నిఘంటువుకు ముడిసరుకు ఆ పద్యాలే. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. పండితులు చిన్నచూపు చూసే వాడుక మాటలనూ చేర్చుకున్నాడు. ఆయన పనిలో మెచ్చదగ్గది బహుశా ఇదే. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయింది. కచేరీ కాగితాల్లో కలిసిపోయిన పారశీ, అరబ్బీ, హిందుస్తానీ మాటలకు 1854లో విడిగా మిశ్రభాషా నిఘంటువు వెలువడింది. మరుసటేడు లండన్ చేరిన బ్రౌన్ అక్కడ తెలుగు ఆచార్యుడయ్యాడు, 1884లో మరణించాడు. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువుకు 1903లో వచ్చిన సవరించిన కూర్పులో రచయిత కందుకూరి వీరేశలింగం చెయ్యి కూడా ఉంది.