మత్తు అలవాటు – కౌమారంలో భక్తి, మతాచరణ (గుంటూరు, ప్రకాశం ప్రాంతం)

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెల్లో టీనేజీ పిల్లలు గంజాయికో, మద్యానికో, వైట్‌నర్ పీల్చడానికో అలవాటు పడితే వారి దైవచింతనలో, మతాచరణలో వచ్చే మార్పులు ఈ వ్యాస విషయం. ఈ మార్పులను నాస్తికత్వంగా చూడడం పొరపాటు. ముందు తెగేది నలుగురితో కలిసి చేసే ఆరాధన. నమ్మకం చాలావరకు భయంగా, అపరాధభావంగా లోపలే మిగిలిపోతుంది.

ఈ ప్రాంతంలో భక్తి గుంపుతో ముడిపడింది. శివరాత్రి మిరప కోతల కాలంలోనే వస్తుంది. కోటప్పకొండ తిరునాళ్లకు ఊళ్ల కుర్రకారు కలిసి ప్రభలు కట్టి తరలిస్తారు. ఇక క్రైస్తవానికి వస్తే, జాన్ హేయర్ 1842లో గుంటూరు చేరి లూథరన్ మిషన్ పని మొదలుపెట్టారు. ఒంగోలు బాప్టిస్టు మిషన్ 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. పెదకాకానిలో శివాలయమూ, బాజీబాబా దర్గా రెండూ ఉన్నాయి. ప్రభ కట్టే జట్టులోనైనా, చర్చి పాటల బృందంలోనైనా, జుమ్మా నమాజు వరసలోనైనా పిల్లవాడు తనను ఎరిగినవారి పక్కనే నిలబడాలి. కళ్లు ఎర్రబడితే, నోరు వాసనొస్తే వాళ్లు పసిగడతారు. పాస్టరుగారూ, పూజారిగారూ వాళ్ల నాన్నకు తెలిసినవారే. మత్తులో నమాజుకు దగ్గర కావద్దని ఇస్లాం చెబుతుంది. ముస్లిం కుర్రాడు దాన్ని తనపై శాశ్వత బహిష్కారంగా తీసుకునే ప్రమాదం ఉంది. సిగ్గుతో దూరమైన పిల్లవాడికి మిగిలే జట్టు గంజాయి బ్యాచే.

శివుడి పేరు చెప్పి గంజాయిని సమర్థించుకునే కుర్రాళ్లూ ఉన్నారు. ఈ నేల మీద శివరాత్రి అంటే ఉపవాసం, జాగారం, అభిషేకం. ఉత్తరాదిలో పండగకు ఆకుతో చేసిన భంగు తాగే ఆచారం ఉన్నా, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) గంజాయి అంటే మొక్క పూత, కాయ భాగమని నిర్వచించి నిషేధించింది.

మెదడు ఎదుగుదల ఇరవై అయిదేళ్ల వరకూ సాగుతుంది. ఆ లోపు తరచుగా ఘాటు గంజాయి తాగితే చిత్తభ్రమ ముప్పు పెరుగుతుంది. అప్పుడు వినిపించే గొంతులు చాలాసార్లు ఆ పిల్లవాడు పెరిగిన మతం రూపాన్నే తొడుక్కుంటాయి: దేవుడు పిలుస్తున్నాడనో, సైతాను వెంటాడుతున్నాడనో అంటాడు. ఇంట్లోవాళ్లు దాన్ని పూనకమనుకుని తాయెత్తుకో, ప్రార్థనకో తీసుకెళితే వైద్యం ఆలస్యమవుతుంది. 1962లో బోస్టన్‌లో సైలోసిబిన్ అనే మత్తుపదార్థంతో జరిగిన ‘గుడ్ ఫ్రైడే ప్రయోగం’లో దివ్యానుభవం కలిగిందని పలువురు చెప్పారు. కానీ వారు వేదాంత విద్యార్థులు, వయోజనులు, పరిశోధకుల కనుసన్నల్లో ఉన్నవారు. పదిహేనేళ్ల పిల్లవాడి అనుభవానికి దాన్ని సాక్ష్యంగా తేవడం అన్యాయం.

అలవాటును ఆపే శక్తి మతానికి నిజంగానే ఉందని చూపేది అయ్యప్ప మాల. మాల వేసుకున్నవారు మండలం, అంటే 41 రోజులు, మద్యం, పొగ ముట్టరు. గంజాయి మానినప్పుడు వచ్చే చిరాకు, నిద్రలేమి మొదటి వారంలో తీవ్రంగా ఉండి, రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. చన్నీళ్ల స్నానం, భజన, గురుస్వామి పర్యవేక్షణ ఆ రోజులను దాటిస్తాయి. అయితే మాల తీసిన నాడే పాత స్నేహితులు ఎదురొస్తారు. మద్యానికి బాగా బానిసైనవారు ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజుల్లో మూర్ఛ, మతిభ్రమణం రావచ్చు. వారు మాల వేసుకునే ముందే డాక్టరును కలవాలి.

2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం పెద్దలకన్నా 10–17 ఏళ్ల పిల్లల్లో ఎక్కువగా కనిపించిన ఒకే మత్తు రకం పీల్చే పదార్థాలు: పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు మన్యం గంజాయికి చెన్నై వైపు దారి గుంటూరు, ఒంగోలు ప్రాంతాల మీదుగా వెళ్లే 16వ జాతీయ రహదారి. రాష్ట్ర ప్రభుత్వం 2024లో మాదకద్రవ్యాల కట్టడికి ‘ఈగల్’ విభాగాన్ని ఏర్పాటు చేసింది. దాని ఫోన్ నంబరు 1972. చికిత్స సలహాకు జాతీయ నంబరు 14446. తనకు తానుగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరిన వ్యసనపరుడికి, వాడకం, స్వల్ప పరిమాణం కేసుల్లో ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. కేసు భయంతో బిడ్డను దాచిపెట్టే తల్లిదండ్రులకు ఈ మాట గుడిలో, చర్చిలో, మసీదులో చెప్పాలి.