గోదావరి వరద చూడటానికి వెళ్తున్నారా? కారు తీసే ముందు ఈ నంబర్లు తెలుసుకోండి

జులై వచ్చిందంటే చాలు.. గోదావరి రంగు మారిపోతుంది. ఎర్రనీరు పోటెత్తుతుంది, గోదావరి జిల్లాల్లో పులస కోసం వేట మొదలవుతుంది. వీకెండ్ వస్తే కార్లన్నీ భద్రాచలం, రాజమహేంద్రవరం దారి పడతాయి. అయితే టీవీలో కనిపించే 'మొదటి ప్రమాద హెచ్చరిక' అంటే ఏంటి? ఏ స్థాయి వరకు వెళ్లొచ్చు? ఎప్పుడు ఆగిపోవాలి?

మన దగ్గర వాన లేకపోయినా వరద ఎందుకు?

వార్ధా, వైన్‌గంగ నదుల నీరు ప్రాణహితగా మారి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ఇంద్రావతి వచ్చి చేరుతుంది. అంటే విదర్భ, బస్తర్‌లో భారీ వానలు పడితే భద్రాచలంలో ఎండ కాస్తున్నా నది ఉప్పొంగుతుంది. ఆకాశం చూసి అంచనా వేస్తే పొరపాటే.

భద్రాచలం: అడుగుల్లో లెక్క

మొదటి హెచ్చరిక: 43 అడుగులు
రెండో హెచ్చరిక: 48 అడుగులు
మూడో హెచ్చరిక: 53 అడుగులు

ఇది నది లోతు కాదు, స్కేలు మీద రీడింగ్. 1986 ఆగస్టులో ఇక్కడ నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఇప్పటికీ అదే రికార్డు. 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. అప్పుడు భద్రాచలం వంతెనపై రాకపోకలే ఆపేశారు.

ధవళేశ్వరం: క్యూసెక్కుల్లో లెక్క

మొదటి హెచ్చరిక: 10 లక్షల క్యూసెక్కులు
రెండో హెచ్చరిక: 13 లక్షలు
మూడో హెచ్చరిక: 17 లక్షలు

ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28.3 లీటర్లు. అంటే మొదటి హెచ్చరిక నాటికే కాటన్ బ్యారేజీ 175 గేట్ల నుంచి సెకనుకు దాదాపు 2.83 కోట్ల లీటర్లు సముద్రం వైపు పరుగెడుతున్నట్టు!

'తగ్గుతోంది' అంటే ఎక్కడ?

చాలామంది పొరబడేది ఇక్కడే. భద్రాచలంలో వరద తగ్గుతోందన్న వార్త చూసి కోనసీమకు బయల్దేరతారు. కానీ ఆ నీరు కిందకు చేరడానికి చాలా గంటలు పడుతుంది. పైగా భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి కూడా కలుస్తుంది. పైన తగ్గుతున్న సమయంలోనే కింద ధవళేశ్వరంలో పెరగొచ్చు. లంక గ్రామాల కాజ్‌వేలు మునిగేది అప్పుడే. గోదావరి ఎగదన్నితే శబరి నీరు చింతూరు వైపు రోడ్లనూ ముంచేస్తుంది.

హెచ్చరిక లేకపోతే సేఫ్ అనుకోవచ్చా? అదీ కాదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి పదుల మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చాలా తక్కువే.

వెళ్లేవాళ్లు ఇవి మర్చిపోవద్దు

* భద్రాచలం నీటిమట్టం, ధవళేశ్వరం ప్రవాహం.. రెండూ చూసుకోండి. రెండూ నిలకడగానో, తగ్గుతూనో ఉంటేనే బయల్దేరండి.
* రోడ్డు మీద నీరు పారుతుంటే వెనక్కి తిరగండి. అర అడుగు ప్రవాహం మనిషిని పడేస్తుంది. అడుగు నీరు చిన్న కారును తేల్చేస్తుంది, రెండడుగులైతే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి.
* స్నానఘట్టాల మెట్లు దిగి సెల్ఫీలు వద్దు. నీటి కింద మెట్టు ఎక్కడుందో, బురద ఎంతుందో కనిపించదు.
* రెండో హెచ్చరిక వచ్చిందంటే ట్రిప్ క్యాన్సిల్ చేసుకోవడమే మంచిది. అప్పుడు ఆ రోడ్లు కావాల్సింది పడవలు మోసే లారీలకు, అంబులెన్సులకు, ఇళ్లు ఖాళీ చేసి వచ్చే జనానికి.
* ఆపదలో ఉంటే 112కు కాల్ చేయండి.

వరద చూడాలంటే రాజమహేంద్రవరం గట్టు మీద నిలబడినా చాలు, గోదారమ్మ ఉగ్రరూపం కళ్లారా కనిపిస్తుంది. దగ్గరకు వెళ్లాల్సిన పనే లేదు.